టెంకాయలో నీళ్ళు

ఆత్మకూరు నుంచి కర్నూలుకు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న రైతు జుట్టులో, చెవుల్లో తెల్లటి రాతిపొడి ఉంది. ఒళ్ళో ఒక టెంకాయ. నా చేతిలోని పుస్తకం చూసి, "ఏం చదువుతాండావప్పా?" అన్నాడు.

తత్వశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి, అడిగితే ఆగను. ప్రకృతీ మనసూ వేరు కావని, రాతిలో నిద్రపోతున్న మనసే మనిషిలో మేలుకుంటుందని వెనకటి జర్మనీ తత్వవేత్తలు నమ్మారని చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పొద్దున మేమూ బోరు ఏసి లేపితిమి. కింద నీళ్ళుంటే టెంకాయ అరచేతిలో లేసి నిలబడుతాదంటారు, ఇది నిలబడిన తావునే ఏసినాం. నీళ్ళు పడితే ఆడనే కొడదామనుకుంటి. దుమ్ము లేసింది, అంతే."

కాయను నా చెవి దగ్గర ఊపాడు. లోపల నీళ్ళు కదిలాయి.

"దీంట్లో ఉండాయి, నేల్లో లేవు. అది మన మనసే అయితే, మనల్ని గుర్తుపట్టదా అప్పా?"

నేను పుస్తకం మూశాను.

కల్లూరులో ఆయన కాయను సీటు మీదే వదిలి దిగిపోయాడు. పిలిచినా వెనక్కి చూడలేదు.

దాన్ని కొట్టడానికి నాకు మనసు రాలేదు. ఇంట్లో పుస్తకాల పక్కన పెట్టాను. ఆ పాఠం చెప్పబోయే ముందు ఒకసారి ఊపి చూసేవాణ్ణి.

ఇప్పుడు దాంట్లోనూ నీళ్ళ చప్పుడు లేదు.