ఎల్లో ఫీవర్ సూది, నా రెండు వయసులు

జ్యేష్ఠమాసం, రెండో బుధవారం, పొద్దున పదకొండుంబావు. టీకా కేంద్రంలో గోడ గడియారం చూసి గుర్తుపెట్టుకున్నాను. ఆ పూట నా చేతికి ఎల్లో ఫీవర్ సూది పడాలి. పడితే పసుపు రంగు కార్డు ఇస్తారు. ఆ కార్డు లేనివాళ్ళను ఉగాండాలోకి రానివ్వరు. సూది పడ్డ పది రోజులకు గాని కార్డు చెల్లదు. నా ప్రయాణం రెండు వారాల్లో ఉంది. ఆ కేంద్రంలో ఈ సూది బుధవారాలే వేస్తారు, ఆ బుధవారం దాటితే ఇక లేదు.

ఉగాండాలో మా తమ్ముడు ఉన్నాడు. బోర్లు వేసే బండి మీద పని. మా అమ్మ పోయేనాటికి వాడింకా పాలు మరవలేదు. పోచంపల్లి పక్క మా ఊళ్ళో, చీర ఉయ్యాలలో వాణ్ణి కాలితో ఊపుతూ, చేత్తో మగ్గం నూలుకు ఆసు పోస్తూ పెంచాను. పెళ్ళయిన పన్నెండేళ్ళకు మరదలికి కడుపు నిలిచింది. "అక్కా, కాన్పుకు నువ్వుంటె బాగుంటది" అన్నాడు ఫోనులో. ఆ ఒక్క మాట మీద పాస్‌పోర్టు తీశాను.

నాకు భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఎల్బీ నగర్‌లో కొన్నాళ్ళు, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నాళ్ళు ఆడపిల్లల హాస్టళ్ళలో వంట చేశాను. ఇప్పుడూ హాస్టల్ వెనక గదిలోనే ఉంటున్నాను. కోచింగ్‌కు వచ్చే పిల్లలు ఏడాదికోసారి మారిపోతారు. పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. వాళ్ళు పోతూ పోతూ పడేసిన నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాల మీదే, యాభై దాటాక, అక్షరాలు దిద్దాను. సెలవులకు హాస్టల్ ఖాళీ అయితే, మళ్ళీ పిల్లలు వచ్చేదాకా నా గొంతు నాకే వినపడదు.

వయసు సంగతి కూడా చెప్పాలి. హాస్టల్లో పని అడగబోతే ముసలివాళ్ళు వద్దన్నారు. అందుకని ఆధార్ రాయించుకునేటప్పుడు ఎనిమిదేళ్ళు తగ్గించి చెప్పాను. తప్పే. కానీ మా వాడకట్టులో సగం మందికి రెండు వయసులున్నాయి. పింఛను కావాల్సినవాళ్ళు పెంచుకున్నారు, పని కావాల్సినవాళ్ళు తగ్గించుకున్నారు. కాగితం మీద అందరం జనవరి ఒకటినే పుట్టాం. నా అసలు వయసు మా అమ్మ చెప్పిన లెక్క. ఇంట్లో మగ్గం గుంట తవ్విన ఏడు పుట్టానట. ఆ లెక్కకు అరవై ఆరు. పాస్‌పోర్టు లెక్కకు యాభై ఎనిమిది.

బెంచీ మీద నా పక్కన హయత్‌నగర్ లారీ డ్రైవర్ ఒకాయన కూర్చున్నాడు. ఆఫ్రికాలో గనుల దగ్గర బండి తోలడానికి పోతున్నాడట.

"ఏం పెద్దమ్మా, నువ్వు గూడ లారీ తోల్తవా?"

"తోలనీకి నీ అసొంటోళ్ళు మస్తుగున్నరు. నేను బాలింతకు వండిపెట్టనీకి పోతున్న."

"ఈడ దోమలు సాలలేదా నీకు?"

"ఈడి దోమకు నేనెరికే. డెంగీ అచ్చి ఎనిమిది దినాలు పండుకున్న."

డాక్టరమ్మ వింది. కోస్తా వైపు మనిషి. "దోమ అదేనండీ" అంది. "పగలు కుట్టేది, డ్రమ్ముల్లో పెరిగేది. ఆ దోమ మనింట్లో ఉంది, ఈ జబ్బే మన దేశంలో లేదు. అక్కణ్ణుంచి ఒక్కరు ఒంట్లో పెట్టుకొస్తే చాలు, మిగతా పని మన దోమలే చేసేస్తాయి. అందుకే కార్డు లేకుండా వచ్చినవాళ్ళని ఆరు రోజులు ఎవర్నీ కలవనివ్వకుండా విడిగా ఉంచుతారు."

"గీ జరమొస్తె మందు లేదా మేడం?" అన్నాడు డ్రైవర్.

"జ్వరాన్ని చంపే మందు లేదండీ. ముదిరితే ఒళ్ళు పచ్చబడుతుంది, రక్తం కక్కుతారు. సూది మాత్రం ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు."

ఆరు రోజులు మనిషి ముఖం చూడకుండా ఉండడం పెద్ద శిక్షలాగా ఆవిడ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. డ్రమ్ముల మాట మాత్రం నిజం. ఎల్బీ నగర్ హాస్టల్లో నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. మిద్దె మీద వరసగా డ్రమ్ములు పెట్టేవాళ్ళం. నీళ్ళు పారబోస్తే చాలదు, దోమ గుడ్లు గోడలకు అంటుకుని ఉంటాయి, లోపల రుద్దాలి. డెంగీ నుంచి లేచాక వారానికోసారి అదే పని చేశాను. నీళ్ళు పాడు చేస్తున్నానని పిల్లలు తిట్టేవాళ్ళు. తిట్టడానికైనా మాట్లాడేవాళ్ళు.

ఎదురుగా గోడ మీద తెలుగులో పెద్ద కాగితం అంటించి ఉంది. ఊరికే కూర్చోలేక కూడబలుక్కుని చదివాను. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, అరవై దాటినవాళ్ళు సూదికి ముందు డాక్టరుకు చెప్పాలి. అరవై దగ్గర ఆగి మళ్ళీ చదివాను. అక్షరాలు రాని రోజుల్లో అయితే హాయిగా చెయ్యి చాపేదాన్ని.

"సీసా ఇప్పిన, గంటల ఒడగొట్టాలె, లేకుంటె పారబోసుడే, జల్ది రాండి" అని నర్సు పిలిచింది. నా పాస్‌పోర్టు చూసి యాభై ఎనిమిది అని రాసుకుంది. జాకెట్టు చెయ్యి పైకి లాగి దూదితో తుడిచింది.

"అమ్మా, నాకు అరవై ఆరు" అన్నాను.

"పాస్‌పోర్టుల యాభై ఎనిమిది ఉన్నది గదా!"

"గది నా వయసు గాదు, నౌకరి వయసు."

వెనక నుంచి డ్రైవర్ అందుకున్నాడు. "నోరు మూసుకొని ఏపిచ్చుకోరాదు పెద్దమ్మా! గిప్పుడు సత్తెం జెప్తే ఎవలన్న శాలువ కప్పుతరా?"

డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టింది. "ఇందులో ఉన్నది బతికున్న క్రిమేనండీ, బలం తగ్గించి పెట్టారు. అరవై దాటాక మొదటిసారి వేయించుకుంటే, ఎక్కడో నూటికో కోటికో ఒకరికి ఈ సూదే ప్రాణం మీదికి తెస్తుంది. చాలా అరుదే. సూది లేకుండా అక్కడికి పోవడమూ మంచిది కాదు. తప్పదంటే చెప్పండి, వేస్తాను. మీరు వెళ్ళడం తప్పదా?"

ఆ సంగతి తమ్ముడే చెప్పాలి. వాడికి ఫోను చేశాను. అక్కడ తొమ్మిది కావస్తోంది.

"తమ్మీ, నా ఈడుకు గీ సూది జర ఖతరనాక్ అంటున్నరు. నేను రావుడు తప్పదా?"

"అక్కా, నీకు జెప్దామనే అనుకుంటున్న. మా అత్తమ్మ అస్తున్నది. నెల కిందనే సూది ఏపిచ్చుకున్నది, టికెట్ గూడ అయింది."

"మరి నన్నెందుకు రమ్మన్నవ్‌రా?"

"అక్కవు గదా. పిలువకుంటె బాగుండదని. నువ్వు గంత సంబురపడితివి, ఇగ నోరు రాలె."

"మంచిది. పగలు గూడ దోమతెర కట్టుకొని పండుమను మరదల్ని" అని పెట్టేశాను.

వాణ్ణి తప్పుపట్టను. కాన్పుకు తల్లి ఉండడమే పద్ధతి. మర్యాదకు అన్న మాటను నేనే పట్టుకుని పాస్‌పోర్టు దాకా పోయాను.

డాక్టరమ్మ ఇంకా నా వైపే చూస్తోంది. "అక్కెర లేదమ్మా" అన్నాను. ఆవిడ సరేనని తలూపింది. నర్సు డ్రైవర్‌ను పిలిచింది. నాకని విప్పిన మందు అతనికి పడింది. అతను చెయ్యి రుద్దుకుంటూ వచ్చి, "పా పెద్దమ్మా, మెట్రో దాంక నడుస్త" అన్నాడు. జోకు వెయ్యలేదు. వద్దని ఒక్కదాన్నే నడిచాను.

ఆ రోజు ఒకరితో ఒకరం మాట్లాడుకుంటూ అక్కడ ఉన్నది నలుగురం. కోస్తా డాక్టరమ్మ, సీసా విప్పిన నర్సు, హయత్‌నగర్ లారీ డ్రైవర్, నేను. తమ్ముడు ఫోనులో ఉన్నాడు. వాణ్ణి లెక్కపెట్టలేదు.