డొంక మీద గండి

మస్తాన్‌బీకి నోట్లో నాలుక లేదని ఊళ్లో అంటారు. అబద్ధం. నోరు తెరిచి చెప్పింది, నేనే వినలేదు.

నేను ప్రత్తిపాడులో లెక్కలు చెప్పే మాస్టర్ని. ఆమె కూతురు యాస్మిన్ నా దగ్గరే పదో తరగతి చదివింది. వాళ్లది వాగు పక్క చిన్న పల్లె. మస్తాన్‌బీ పదేళ్ల వయసులో మిరపచేలో అడుగుపెట్టింది. ముప్పై ఏళ్లు ఎవరెవరి చేలల్లోనో కాయలు కోసింది, ఎవరెవరి కల్లాల్లోనో తొడిమలు తీసింది. భర్త మాబు సాహెబ్ చనిపోయిన నెలలో కూడా కూలి మానలేదు. కిందటేడు చెవికమ్మలు అమ్మేసి ఎకరం కౌలుకు పట్టింది. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ వేసిన మొదటి పంట. కూతుర్ని గట్టు మీద నిలబెట్టి, ఈ ఏటికి ఇది మనది అని చూపించిందట.

డిసెంబరులో తుపాను వచ్చింది. మూడోనాటికి వాన తెరిపిచ్చింది గానీ చేలో పిక్కల్లోతు నీళ్లు. మిరప నీళ్లకు ఓర్వదు. రెండ్రోజులు వేళ్లు నానితే ఊపిరాడక ఉరకెత్తుతుంది, ఎండ తగలగానే నిలువునా వడిలిపోతుంది. చేనుకీ వాగుకీ మధ్య అడ్డం డొంక, అంటే పల్లెకు బండ్లు పోయే మట్టి దారి. మస్తాన్‌బీ పార పట్టుకుని పొద్దుటి నుంచీ ఆ డొంకకు గండి కొట్టింది. నీళ్లు వాగులోకి దూకడం మొదలైంది.

సరిగ్గా అప్పుడు దిగాం మేము, సాయం చేసే మహానుభావులం.

మా స్కూలు పాత విద్యార్థులు మినీలారీ నిండా సామాన్లు పోగేశారు. పెద్దరికం నాది. ఏం కావాలని పల్లెలో ఒక్కరినీ అడగలేదు. ఎవరింట్లో ఏది మిగిలితే అది: పాత చీరలు, దుప్పట్లు, మూడొందల పులిహోర పొట్లాలు. ఎవరో పుణ్యాత్ముడు ఉన్ని కోటు కూడా ఇచ్చాడు, మిరపచేలో తొడుక్కోవడానికి కాబోలు.

గండి దగ్గర లారీ ఆగింది. పల్లె కనిపిస్తూనే ఉంది. మూటలు నెత్తిన పెట్టుకుని నడిస్తే సరిపోయేది. కానీ లారీకి బ్యానరు కట్టుకొచ్చాం కదా! దాన్ని పల్లె నడిబొడ్డున నిలబెట్టి పంచాలని మా ముచ్చట. గండి పూడ్చమన్నాను. నా బుద్ధి గడ్డి తింది.

మస్తాన్‌బీ బురద కాళ్లతో చేలోంచి పరుగున వచ్చింది.

"సారూ, మీరు తెచ్చినవన్నీ నేను మోసుకెళ్తానండీ. గండి మాత్రం పూడ్చొద్దండీ. నీళ్లాగితే చేను పోద్దండీ."

"అరగంటలో మళ్లీ తవ్విస్తానమ్మా, పూచీ నాది" అన్నాను.

కూతురికి చదువు చెప్పిన మాస్టరు మాట. కాదనలేక పక్కకు తప్పుకుంది.

రాళ్లూ మట్టీ పోసి పూడ్చాం. పల్లెలోకి పోయి పంచాం. నా చేత్తోనే ఆమెకో చీర ఇచ్చాను, ఫొటో తీశారు. తిరిగొచ్చేటప్పుడు లారీ వెనక చక్రం ఆ పూడ్చిన చోటే ఇరుసు దాకా దిగబడిపోయింది. తోశాం, గడ్డి వేశాం, కదల్లేదు. కింద తవ్వితే బండి వాగులో పడుతుంది. పక్కన తవ్వుదామంటే అటూ ఇటూ రాళ్లు పరిచిన మెరక. చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఎక్కడివక్కడ బురదలో ఇరుక్కున్నాయి. ఒకటి వచ్చి లాగి, మళ్లీ గండి కొట్టేసరికి మర్నాడు సాయంత్రమైంది.

అంతసేపూ ఆమె బిందెతో నీళ్లు తోడి డొంక అవతల పోస్తూనే ఉంది. సిగ్గేసి నేనూ ఒక బిందె అందుకున్నాను. గంటకే నడుం పట్టేసి కూర్చుండిపోయాను.

ఆ మర్నాడు ఎండ కాసింది. పదింటికల్లా ఆకులు వేలాడాయి. సాయంత్రానికి చేనంతా తల వాల్చేసింది. మళ్లీ నారు కొనిస్తామన్నాం. డిసెంబరులో మిరప నారు ఎక్కడ దొరుకుతుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మొన్న ఫిబ్రవరిలో వెళ్లాను. ఎవరిదో కల్లంలో తొడిమలు తీస్తోంది. ఘాటుకి ముక్కుకు కట్టుకున్న గుడ్డ మేమిచ్చిన చీర ముక్కే. నన్ను చూసి లేచి, కూర్చోమని గోనెసంచి పరిచింది. ఆ మర్యాదకే నాకు తల తీసేసినట్టయింది.

ఈసారి తుపాను వస్తే ఏం తెమ్మంటావని అడిగాను. రెండు నెలలు ఆలస్యంగా అడిగాను.

"ఒట్టి చేతుల్తో రండి సారూ. వచ్చి అడగండి. పనుంటే పార మేమిస్తాం."

మళ్లీ కౌలు పడతావా అన్నాను. మిరపకాయ పట్టుకున్న చెయ్యి చెవి దాకా వెళ్లి, మంటపుడుతుందని గుర్తొచ్చి ఆగింది.

"అమ్మడానికి ఇంకేమున్నాయండీ" అంది.