పద్నాలుగు సున్నా టికెట్లు

మా వెనక గదిలో కిరాయికుండే ఆమె కుడిచేతి వేళ్లు రెండు మీర్‌పేట్‌లోని ఒక పిండిమిల్లులో పోయాయి. పరిహారం కోసం లేబర్ ఆఫీసులో కేసు వేసింది. పద్నాలుగు పేషీలకూ తోడు వెళ్లాను. అందులో తొమ్మిది, యజమాని వకీలు రాక వాయిదా పడ్డవే. ఆయనకెప్పుడూ జ్వరమే. అన్ని జ్వరాలు పడ్డ మనిషి ఆ పొట్టనెలా కాపాడుకొచ్చాడో నాకు అంతుబట్టలేదు.

ఆమెకైన ఖర్చంతా నేనే ఒక నోటుబుక్కులో రాశాను. మా వకీలుకు ఎనిమిది వేలు, వైకల్యం సర్టిఫికెట్టుకూ ఎక్స్‌రేలకూ పంతొమ్మిది వందలు, జిరాక్సులకూ నోటరీకీ నాలుగు వందల ఎనభై, బస్సు దిగాక ఆటోలకు ఆరు వందల ఇరవై. మొత్తం పదకొండు వేలు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కిన ప్రతిసారీ కండక్టరిచ్చిన టికెట్టును ఆ రోజు పేజీకి గుండుసూదితో గుచ్చాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక దాని మీద ధర సున్నా. నాకు కావలసింది ధర కాదు, తేదీ.

పరిహారం ఇవ్వాలని తేలిన రోజు ఖర్చుల మాట వచ్చింది. అధికారి నా నోటుబుక్కు తిప్పుతుంటే, ఆ రోజు దివ్యంగా ఉన్న యజమాని వకీలు మెడ సాచి చూశాడు.

"సార్, అన్నీ సున్నాలే! మేడమ్‌గారు మన తరఫున సాక్ష్యం తెచ్చినట్టున్నారు."

అధికారి కూడా నవ్వాడు. "ఉచితంగా వచ్చి ఉచితంగా పోయిండ్రు గదమ్మా, ఇగ ఖర్చేంది?"

"అవి తేదీల కోసం గుచ్చినవండీ. వకీలు రసీదు, డాక్టరు రసీదు కింద ఉన్నాయి. పేజీ తిప్పండి."

తిప్పలేదు. "ఖర్చులిప్పించుడు నా విచక్షణమ్మా" అన్నాడు. ఎవరి ఖర్చులు వారే భరించుకోవాలని రాసి సంతకం చేశాడు. విచక్షణ అంటే మంచిచెడ్డలు తూచి చూడడం అనుకునేదాన్ని. పేజీ తిప్పే ఓపిక లేకపోవడానికి కూడా అదే పేరని ఆ రోజు తెలిసింది. తొమ్మిది జ్వరాలకు మాత్రం ఒక్క రూపాయి జరిమానా కూడా పడలేదు.

బయటికొచ్చాక ఆమె అంది: "గా టికెట్లే ముంచినయమ్మా. గవి గుచ్చకుంటే ఏం పోయేది నీకు?"

నోటుబుక్కు సంచిలో పెట్టుకున్నాను.

దవాఖాన అప్పులు తీరగా మిగిలిన డబ్బుతో రుబ్బుడు యంత్రం కొని ఇడ్లీపిండి అమ్ముకోవాలని ఆమె ఆశ. ఎల్బీనగర్ దుకాణంలో రెండు చూశాం. మూత తీయగానే ఆగిపోయేది పాతిక వేలు. మూతే లేనిది, పాతది, పద్నాలుగు వేలు. తేడా సరిగ్గా ఆ అధికారి విచక్షణంత.

పాతదే కొంది. అది తిరుగుతుంటే ఆమె దగ్గరికి పోలేకపోతుంది. గుమ్మంలో నిలబడి, ఆ చేతిని కొంగులో చుట్టుకుని, "అమ్మా, ఆగిందా?" అని అడుగుతుంది. రోజూ పొద్దున స్విచ్ వేసేదీ తీసేదీ నేనే.