గోడ నాగప్ప గోడ కూల్చలేదు

మా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఇప్పటికీ ఒక కుటుంబాన్ని గోడ నాగప్పోళ్లు అంటారు. నాగప్ప ఇప్పుడు లేడు, మనవళ్లున్నారు. వాళ్ల తాత మగ్గం బాది బాది గోడ కూల్చాడని ఆ పేరు. అబద్ధం. ఆ గోడను కూల్చింది నేను. కూల్చడమే కాదు, కూలినందుకు మెప్పు కూడా కొట్టేశాను. మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఈ కథలో అందరికంటే ఆలస్యంగా సంగతి అర్థమైనవాణ్ని నేనే.

డెబ్బైల చివర్లో మాట. ఆదోనిలో ఇంటర్ చదువుతూ ఫిజిక్స్ తప్పాను. అలా ఇలా కాదు. కాంతి గురించి అడిగితే ధ్వని రాశాను, ధ్వని గురించి అడిగితే న్యూటన్‌ను రాశాను, న్యూటన్‌ను అడిగినచోట కాగితం తెల్లగా వదిలాను. మా నాయన మార్కుల కాగితం తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఎటు తిప్పినా అదే అంకె.

"సూడు ఈరన్నా, మళ్లీ పరీచ్చ పెడతారంట గదా. ఈసారి తప్పితివా, ఆదోని గీదోని లేదు. గుంతలో దిగు" అన్నాడు.

గుంత అంటే మగ్గం గుంత. నేసేవాడు అందులోకి కాళ్లు దింపి కూర్చుంటాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని సామెత. మా వీధిలో ఆ శ్రమ కూడా లేదు, తాతలే తవ్వి పెట్టి పోయారు.

ఆ దెబ్బకు పుస్తకం తీశాను. బుర్రకెక్కింది ఒక్కటే పేజీ, అనునాదం. సైనికులు వంతెన మీద అడుగు కలిపి నడవకూడదట. ఊపుకు ఊపు కలిస్తే వంతెన కూలుతుందట. చదవగానే లేచి మా అడ్డగోడ దగ్గరికి పోయి చూశాను. మాకూ పక్కింటి నాగప్ప మామకూ మధ్య ఉన్నది జానెడు మందం మట్టి గోడ. ఈ పక్క నాయన మగ్గం, ఆ పక్క మామ మగ్గం. ఒక్కోసారి రెండు మగ్గాల దెబ్బలూ ఒకే తాళంలో పడతాయి. పైగా గోడకు వెంట్రుకంత బీట కూడా ఉంది.

"నాయనా, గోడ కూల్తాది" అన్నాను.

"యాల కూల్తాది?"

"మీ ఇద్దరి దెబ్బలు కలుస్తాండాయి."

"మీ తాత కాలం నుంచీ కలుస్తాండాయి."

"అదే సెప్తాండా. అప్పటి నుంచీ ఊపంతా గోడలో నిలవ ఉండాది."

గోడలో ఊపు తాతల నుంచి నిలవ ఉండదు, అదేం ఊరగాయ కాదు. ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలియదు, నాయనకు అంతకంటే తెలియదు. గొడవ విని నాగప్ప మామ మా వాకిట్లోకి వచ్చాడు.

"ఏం సేయమంటావో సెప్పప్పా. మా లచ్చుమి పెండ్లి చీర మగ్గం మింద ఉండాది. తొమ్మిది దినాల్లో దించల్ల."

"నాయన కొట్టినప్పుడు నువ్వు కొట్టొద్దు మామా."

మొదలుపెట్టారు. ఈ పక్క ఒక దెబ్బ, ఆ పక్క ఒక దెబ్బ. అరగంట తర్వాత నాకు కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు గోడకు దెబ్బలు రెండింతలు పడుతున్నాయి. ఇది తక్కువ ప్రమాదమా, ఎక్కువ ప్రమాదమా? పుస్తకంలో సైనికులున్నారు గాని నేతగాళ్లు లేరు.

"ఆగండి. కలిపే కొట్టండి" అన్నాను.

"పొద్దున కలపొద్దంటివి గదరా" అన్నాడు నాయన.

"కలపండి, కానీ మెల్లగా."

"వీని సదువు పప్పులో ఉప్పేసినట్టుండాది. సాల్లేదని ఉప్పేస్తాడు, ఎక్కువైందని నీళ్లు పోస్తాడు."

గోడ అవతల నుంచి నాగప్ప మామ గొంతు వినిపించింది. "సేతులు నీ మాట ఇంటాయప్పా. కాళ్లు ఇనవు. ఇరవై ఏండ్లుగా మీ నాయన సప్పుడు ఇని తొక్కుతాండాయి."

సాయంత్రానికి పెండ్లి చీర బెత్తెడు కూడా పెరగలేదు. నాయన మగ్గం లోంచి లేచి నడుం పట్టుకుని తీర్పు చెప్పాడు. "రేపు నాకు కండ్లారా సూపించు. సూపియ్యలేకపోతివా, పరీచ్చ కూడా వద్దు. ఎల్లుండి నుంచి గుంతే."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఎప్పటిలాగే నేతలో మునిగారు. నేను లోపలి గదిలో రుజువు సిద్ధం చేస్తున్నాను. వీధిలో పడుగు సాగదీసేటప్పుడు పాతే పొడుగాటి ఇనుప మేకు ఒకటి తెచ్చి, అదే అడ్డగోడలోకి దిగ్గొట్టాను. మగ్గాల చప్పుడులో మా వీధిలో ఏనుగు తుమ్మినా వినపడదు, నా సుత్తి ఎవరికి వినపడుతుంది? మేకుకు తాడు కట్టి, తాడు చివర అమ్మ చట్నీ నూరే గుండు కట్టాను. లోలకం తయారు. చిటికెన వేలితో మెల్లగా తోశాను. గుండు అటు పోయి ఇటు రాగానే మళ్లీ తోశాను. పదిసార్లకు జానెడు ఊగింది, ఇరవైసార్లకు మూరెడు. అనునాదం కళ్ల ముందు ఊగుతుంటే ఒళ్లు మరిచిపోయాను. మేకు కూడా ఊగుతోందని చూడలేదు.

అంతలో అవతలి పక్క దబ్బుమని పెద్ద చప్పుడు. రెండు మగ్గాలూ ఆగిపోయాయి.

నేను చేసిన మొదటి పని గుండు విప్పి రోట్లో పెట్టడం. రెండో పని మేకుకు క్యాలెండరు తగిలించడం. ఆ తర్వాతే పక్కింటికి పరిగెత్తాను. గోడ అవతలి మొహం గంపెడు మట్టిగా ఊడి పెండ్లి చీర మీద పడింది. పడుగు పోగులు వందల కొద్దీ తెగి వేలాడుతున్నాయి. నాగప్ప మామ బనియనుతో నిలబడి ఉన్నాడు. మట్టి ఊడినచోట ఆయన చొక్కా వేలాడుతోంది. లచ్చుమి తెగిన పోగులు చేతిలోకి తీసుకుని ఏడుపు ఆపుకుంటోంది.

నోరు తెరిచి నిజం చెప్పాల్సిన క్షణం అదే. తెరిచాను కూడా. నాకంటే ముందు నాయన అందుకున్నాడు.

"నా కొడుకు నిన్ననే సెప్పినాడు గదా. నాగప్పా, నీ సెయ్యి బరువు. నా తాళంలో నువ్వు కొడితివి, గోడ పాయ."

చేరిన జనమంతా నన్ను మఠం స్వామిని చూసినట్టు చూశారు. మామ నా వైపు ఒక్కసారి చూసి, "అవునప్పా, నా సెయ్యి బరువే" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను.

తర్వాతి ఎనిమిది రోజులు ఆ ఇంట్లో అందరూ కూర్చుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతికారు. చీర పెండ్లినాటి తెల్లవారుజామున మగ్గం దిగింది. ఆ ఎనిమిది రోజులూ నేను పోగులు అతకలేదు, ఫిజిక్స్ చదివాను. మా నాయన పంపలేదు. "శాస్త్రం తెలిసినోడు, సదువుకోనీ" అన్నాడు. పరీక్ష గట్టెక్కాను. డిగ్రీ అయింది, సైన్సు మాస్టరు ఉద్యోగం వచ్చింది. నాగప్ప మామకు గోడ నాగప్ప అనే పేరు వచ్చింది.

ఎనభైల నడుమ, ఉద్యోగంలో చేరే ముందు రోజు, మిఠాయి పొట్లం పట్టుకుని మామ ఇంటికి పోయి నిజం చెప్పేశాను. మేకు, తాడు, గుండు, అన్నీ. ఆయన మిఠాయి నములుతూ విన్నాడు. లేచి గోడకున్న చొక్కా తీశాడు.

దాని వెనకాల నా మేకు కొస ఉంది. రెండు వేళ్లంత పొడవు బయటికొచ్చి నున్నగా మెరుస్తోంది. గోడలకు చెవులుంటాయంటారు. నా పుణ్యాన ఈ గోడకు ముక్కు కూడా మొలిచింది.

"మట్టి రాలంగానే ఇది కనపడె. జనం వస్తాండారని దాని మింద సొక్కా ఏసినా. ఆ పొద్దు నుంచి అలవాటయిపాయ" అన్నాడు.

"తెలిసీ యాల సెప్పలేదు మామా?"

"సెబితే మీ నాయన నిన్ను గుంతలో దింపుతాండె గదప్పా. ఒక్క దినం మగ్గం ముట్టకుండానే నా గోడ దించితివి. దినామూ మగ్గం కొడితే నా మిద్దె ఉంటాండెనా?" చొక్కా మళ్లీ తగిలించి అన్నాడు, "మీ నాయన ఉన్నన్నాళ్లు సెప్పొద్దు. నిన్ను తల్చుకుని మురుస్తాండాడు."

చెప్పలేదు. ఆ పక్క ఆయన చొక్కా, ఈ పక్క మా క్యాలెండరు, నాయనా మామా ఇద్దరూ పోయేదాకా ఒకే మేకుకు వేలాడాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నాగప్ప మనవళ్లారా, మీ తాత చెయ్యి బరువు కాదు. ఇకమీదట ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, గోడ ఈరన్న ఉండేది పక్కింట్లో అని చెప్పండి.

ముప్పై ఏళ్లు పిల్లలకు అనునాదం పాఠం చెప్పాను. ప్రతిసారీ సైనికుల దగ్గరే ఆపేశాను, మగ్గాల దాకా రాలేదు. ఇక నా ఒట్టు వినండి. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం, గోడకు అవతలి పక్క ఎవరున్నారో పోయి చూసి రాకుండా ఏ గోడకూ మేకు కొట్టను. క్యాలెండరు కోసమైనా సరే.