చౌరస్తాలో కాగిన పురిటి నీళ్లు

ఎల్బీ నగర్ చౌరస్తాలో మా లారీలు ఆగేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. డిసెంబరు నెల. సన్నగా మంచు కురుస్తోంది. రెండేళ్లు కాశ్మీర్ కొండల్లో ఉండి, రైలు దిగి నేరుగా అక్కడికొచ్చాం. మనిషికొక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక లాఠీ, ప్రయాణంలో మురికిపట్టిన రెండు జతల యూనిఫారం. హవల్దారు టార్చి వేసి మనుషుల్ని లెక్కపెట్టాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఇక్కడి భాష వచ్చినవాడివి నువ్వొక్కడివే. నా పక్కనుంచి కదలకు" అన్నాడు.

భాష మాటేమిటి, ఆ రోడ్డే నాది. మాది నల్లగొండ జిల్లా. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఊరి బస్సు ఎక్కేది ఆ చౌరస్తాలోనే. ఆ సంగతి హవల్దారుకు చెప్పలేదు. చెబితే వెనక్కి పంపేస్తారని భయం. పంపకపోతే ఎవరికి ఎదురుగా నిలబడాల్సి వస్తుందోనని అంతకంటే భయం.

మా ఊళ్లో నన్ను ఇప్పటికీ "మిలిట్రీ ఆయన" అంటారు. నిజానికి మాది కేంద్ర పోలీసు బలగం. తుపాకీ, బూట్లు, కొండల మీద కాపలా అన్నీ ఉన్నాయి కాబట్టి సరిదిద్దడం మానేశాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. రోజూ బందో, ర్యాలీయో ఉండేది. మాకిచ్చిన పని ఒక్కటే, హైవే తెరిచి ఉంచడం. కంపెనీ మకాం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడి. వంట కూడా అక్కడే చేసి వ్యానులో పంపేవాళ్లు. మా సెక్షన్‌కు మాత్రం చౌరస్తా వెనక సందులో ఒక చిన్న ఫంక్షన్ హాలు ఇచ్చారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే స్టేజీ మీద పరుపులు పరుచుకున్నాం. వెనక గోడకు థర్మాకోల్ నెమలి ఒకటి అంటించి ఉంది. సెక్షన్‌లో సగం మందికి పెళ్లి కాలేదు. ఆ నెమలి కింద పడుకోవడానికి పెద్ద పోటీయే నడిచింది.

హాలు యజమాని యాదమ్మ. యాభై దాటిన మనిషి. భర్త పోయాడు. ఆమెదీ నల్లగొండ పక్క పల్లెటూరే. హాలును ఆనుకునే ఆమె ఇల్లు. కింద ఆమె ఉండేది. పైన కిరాయికి రాజేశ్వరమ్మగారు ఉండేవారు. వాళ్లది గుడివాడ వైపు. రాజేశ్వరమ్మగారి కూతురు పురిటికి వచ్చి, ఆడపిల్లను కన్నది. అల్లుడు విజయవాడలో ఉన్నాడు. బస్సులు తిరగక రాలేకపోయాడు.

యాదమ్మ ఉద్యమంలో ముందుండే మనిషి. పొద్దున ర్యాలీలో మా ముఖాల మీదికి చెయ్యి చాపి నినాదాలిచ్చేది. సాయంత్రం గేటు దగ్గర అదే చెయ్యి నా భుజం మీద వేసి, తిన్నావా అని అడిగేది. ఆ రెంటినీ ఒక్క మనిషిలో చూడటం మా వాళ్లకు కొత్త. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టే ఉండేది.

ఆమె పెరట్లో ఒక రాగి బాయిలర్ ఉండేది. నడుమెత్తు పీపా. మధ్యలోంచి పైకి పొగగొట్టం, కింద కట్టెలు పెట్టే నోరు, పక్కన ఇత్తడి నల్లా. రెండు ఇళ్లకూ వేడినీళ్లు దాని నుంచే. మేము బోరు దగ్గర చన్నీళ్లు పోసుకుంటూ పళ్లు కొరుకుతుంటే చూసి, రెండో రోజు నుంచి మనిషికొక బకెట్ వేడినీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి చెంబు ఒంటి మీద పడగానే మా వైర్‌లెస్ ఆపరేటర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సబ్బు పడిందన్నాడు. ఆ రోజు అతని దగ్గర సబ్బు లేదు.

ఇలా కొన్ని రోజులు గడిచాక యాదమ్మ ఒక సాయంత్రం బాయిలర్‌లోని నీళ్లన్నీ వంచేసి, చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి ఖాళీగా ఆరబెట్టింది. మర్నాడు పైవాళ్లింట్లో పురుడు. పదకొండో రోజు తల్లికీ బిడ్డకీ తలంటు పోస్తారు. అది అయితేనే బాలింత వెనక గదిలోంచి బయటికొస్తుంది. బిడ్డను నలుగురూ ఎత్తుకుంటారు. అల్లుడు రాలేదు, చుట్టాలు రాలేదు. కనీసం ఆ స్నానమైనా పద్ధతిగా జరగాలని రాజేశ్వరమ్మగారి ఆరాటం. పది రోజులుగా ఆమె నోట ఇంకో మాట లేదు.

ఆ మర్నాడే చౌరస్తాలో వంటా వార్పు కూడా. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తింటూ దారి ఆపడం. హాల్లోని గుండిగలన్నీ, ఇంట్లోని కట్టెలన్నీ యాదమ్మ దానికి పంపేసింది. పురిటి నీళ్ల కోసమని ఒక్క మోపు మాత్రం బాయిలర్ పక్కన ఉంచింది.

ఆ రాత్రే మా గ్యాస్ గన్ సెలవు ముగించుకుని వచ్చాడు. బాష్పవాయు గోళాలు పేల్చే తుపాకీ అతని దగ్గర ఉంటుంది కాబట్టి మనిషినే అలా పిలిచేవాళ్లం. కుమావ్ కొండల వాడు. మంచివాడు. తనకు తోచింది వెంటనే చేసేస్తాడు, అదొక్కటే ఇబ్బంది. పొద్దున కంపెనీ కమాండర్ తనిఖీ ఉందని తెలిసి రాత్రే యూనిఫారం ఉతికి పెరట్లో తీగ మీద వేశాడు. మంచుకు అది తెల్లవారేసరికి ఇంకా తడిసింది.

కాశ్మీర్ పోస్టుల్లో బుఖారీ అని ఒకటి ఉంటుంది. రేకు పీపా, పైకి పొగగొట్టం. లోపల మంట పెడితే గది వెచ్చబడుతుంది. దాని చుట్టూ తాడు కట్టి సాక్సులు, చొక్కాలు ఆరబెట్టుకుంటాం. చీకట్లో గ్యాస్ గన్ కంటికి యాదమ్మ పెరట్లో పీపా, పొగగొట్టం కనిపించాయి. మూత తీసి చూశాడు. లోపల పొడిగా ఉంది. అతని లెక్కలో అలాగే ఉండాలి. ఈ ప్రాంతంలో బుఖారీలు కూడా రాగితో చేయించుకుంటారా అని మనసులో మెచ్చుకున్నాడట. మోపు మొత్తం దాని నోట్లో పెట్టాడు.

చొక్కా ఆరింది. నల్లా ఊడి కింద పడింది. అతుకుల్లోని మాటు కరిగి చుక్కలు చుక్కలుగా ఇటుకల మీద గడ్డకట్టింది.

చప్పుడుకు యాదమ్మ బయటికొచ్చింది. నల్లా ఊడిన చోట వేలు పెట్టి చూసింది. అక్కడే కూలబడింది. మెట్ల మీంచి రాజేశ్వరమ్మగారు కూడా చూశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫరవాలేదు, చన్నీళ్లతోనే కానిస్తాంలే అన్నారు. మాట పూర్తి కాకముందే ఏడ్చేశారు. గ్యాస్ గన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా అంతా అర్థమైంది. ఆరిన చొక్కా చేతిలో పట్టుకుని తల దించుకున్నాడు.

వేరే దారి లేదు. ఉన్న ఒక్క మోపూ కాలిపోయింది. ముందురోజు నుంచి కరెంటు లేదు. గ్యాస్ సిలిండర్లు వచ్చి చాలా రోజులైంది. పైన ఉన్న కాస్త కిరసనాయిలు కాఫీలకే చాలదు. హవల్దారు నన్నూ గ్యాస్ గన్‌నూ బాగుచేసేవాణ్ణి వెతకమని పంపాడు. కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రతి షట్టరూ మూసే ఉంది. కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కుక్కలు పడుకున్నాయి. గిన్నెలకు మాటు వేసే ఒకతని ఇల్లు దొరికింది. మనిషి మాత్రం లేడు. వంటా వార్పుకు వెళ్లాడని భార్య చెప్పింది.

మేము తిరిగొచ్చేసరికి యాదమ్మ ఒక నిశ్చయానికి వచ్చేసింది. ఆ వంటా వార్పు దగ్గరే నీళ్లు కాచుకొస్తానంటోంది. రాజేశ్వరమ్మగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు యాదమ్మా. మాకోసం వాళ్లని అడగొద్దు. ఇవాళ మంచి రోజు. ఎవరైనా ఒక మాట అంటే నేను తట్టుకోలేను."

అల్లరి మొదలైనప్పటి నుంచి ఆమె బాల్కనీ తలుపు తెరవలేదు. రోడ్డు మీద వినిపించే ప్రతి అరుపూ తమ ఇంటి గురించేనని ఆమె భయం. యాదమ్మ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, కొంగు నడుముకు దోపుకుని వెళ్లిపోయింది.

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వరసగా పొయ్యిలు. అన్నం ఉడుకుతోంది, పప్పు ఉడుకుతోంది. మా వ్యాను దిల్‌సుఖ్‌నగర్ దాటి రాలేక మాకు ఆ పూట టిఫిన్ లేదు. వాసన మాత్రం కడుపునిండా పీల్చాం. బారికేడ్ దగ్గర నేను నిలబడ్డ చోటికి నాలుగో పొయ్యి పక్కనే ఉంది. దాని దగ్గర ఖాకీ చొక్కాలో ఒక లారీ డ్రైవర్ కట్టెలు ఎగదోస్తున్నాడు. యాదమ్మ అతనికి విషయం చెప్పి, గుండిగ దించమంది.

"మీ ఇంట్ల పురుడెవలికి? పైన ఉన్నది ఆంధ్రోళ్లే గద" అన్నాడతను.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. యాదమ్మ తొణకలేదు.

"అవును, ఆంధ్రోళ్లే. గా పిల్ల పుట్టింది నా ఇంట్ల. బాలింతకు నీళ్లు దొర్కలేదన్న మాట నా గడప మీద పడొద్దు."

డ్రైవర్ చేతిలో కట్టె పక్కన పెట్టాడు. తర్వాత ఇంకొకతన్ని సాయం పిలిచి, సగం ఉడికిన అన్నం గుండిగను దించి, నీళ్ల గుండిగ ఎక్కించాడు.

పదకొండుకు ఉత్తర్వు వచ్చింది. రోడ్డు ఖాళీ చేయించాలి. పొయ్యిలు ఆర్పాలి. నీళ్ల ట్యాంకర్ వచ్చి మా వెనక నిలబడింది. హెల్మెట్లు పెట్టుకుని, షీల్డులు పట్టుకుని వరస కట్టాం. ఎదురుగా జనం ఒకరి చేతుల్లో ఒకరు చేతులు వేసుకుని కూర్చున్నారు. ఆ ముఖాల్లో మా ఊరివాళ్లు ఉన్నారేమోనని వెతుకుతున్నాను. ఒక్కరూ కనిపించకూడదని మొక్కుకుంటున్నాను. ట్యాంకర్ నీళ్లు ఒక్క పొయ్యి మీద పడితే చాలు, ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. హవల్దారు చెవిలో నాలుగో పొయ్యి సంగతి చెప్పాను.

హవల్దారు నా ముఖంలోకి చూసి, ఆపరేటర్ చేతిలోంచి వైర్‌లెస్ అందుకుని కంపెనీ కమాండర్‌ను పిలిచాడు.

"నాలుగో పొయ్యికి టైము కావాలి సాబ్. దాని మీద ఉన్నది అన్నం కాదు. పసిబిడ్డ స్నానానికి నీళ్లు. ఓవర్."

"రోడ్డు మీద స్నానమేంటి? ఓవర్."

"వాళ్లింటి బాయిలర్‌ను మనవాడే పాడుచేశాడు సాబ్. ఓవర్."

కమాండర్, ఎంతసేపు పడుతుందని అడిగాడు. హవల్దారు నన్ను చూశాడు. నేను యాదమ్మను చూశాను. ఆమె నీళ్లలో వేలు ముంచి, పావుగంట అంది.

"ఒక్కటి ఉంచి మిగతావి ఆర్పితే గొడవవుతుంది" అన్నాడు కమాండర్. "అన్నీ ఉండనీ. పదకొండున్నరకు నాకు రోడ్డు కావాలి. ఔట్."

జనానికి చెప్పాల్సింది నేనే. హెల్మెట్ తీశాను. డ్యూటీలో ఉన్నప్పుడు పుస్తకాల తెలుగు మాట్లాడాలని ముందే అనుకున్నాను. నోరు తెరిస్తే మా ఇంటి మాటే వచ్చింది.

"నీళ్లు కాగేదాంక ఎవ్వరం పొయ్యి ముట్టం. అన్నం గూడ వండుకొని తినుండ్రి. పదకొండున్నరకు జర తోవ ఇయ్యుండ్రి."

నీది ఏ ఊరని వెనక నుంచి ఒకతను అడిగాడు. ఇక దాచలేక చెప్పేశాను. హవల్దారుకు తెలుగు రాకపోయినా ఆ సంగతి మాత్రం పట్టేశాడు. అయినా దాన్ని పైవాళ్ల దాకా ఎప్పుడూ పోనివ్వలేదు. ఆ మనిషికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నీళ్లు కాగాయి. గ్యాస్ గన్ తుపాకీ నాకిచ్చి, రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని సందులోకి నడిచాడు. మళ్లీ వచ్చి మళ్లీ మోశాడు. ఎవరు సాయం వస్తానన్నా ఒప్పుకోలేదు. సందు మొదట్లో రాజేశ్వరమ్మగారు నిలబడి ఉన్నారు. ఇంతలోనే అంత దూరం ఎప్పుడు వచ్చారో తెలియదు. వాళ్లేమీ అనలేదా అని నన్నడిగారు. ఒకాయన అడిగాడని, యాదమ్మ జవాబు చెప్పిందని, ఆయనే పొయ్యి ఖాళీ చేసిచ్చాడని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఏడ్చారు. ఈసారి ఏడుపు వేరు.

పదకొండున్నరకు రోడ్డు తెరుచుకుంది. వాళ్లే ఇటుకలు పక్కకు పెట్టి, బూడిద ఊడ్చారు. ఒక్క లాఠీ లేవలేదు. మర్నాడు మాటు వేసేవాడు వచ్చి బాయిలర్ బాగుచేశాడు. గ్యాస్ గన్ పక్కనే కూర్చుని నిప్పు ఊదాడు. ఆ రోజు నుంచి యాదమ్మ అతన్ని బుఖారీ అనే పిలిచింది.

చలి తగ్గాక మా కంపెనీని వెనక్కి పంపారు. మళ్లీ రైలు, మళ్లీ కొండలు. కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత నేను రిటైరై తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకున్నాను. రాజేశ్వరమ్మగారు ఇప్పటికీ యాదమ్మ ఇంటి పైనే ఉంటున్నారు. ఆనాటి పసిబిడ్డ విజయవాడలో సైకిలు మీద బడికి పోతోంది.

అందరూ నన్ను కాశ్మీర్ గురించి అడుగుతారు. మంచు గురించి, తూటాల గురించి చెబుతాను. నా కళ్ల ముందు మాత్రం ఎప్పుడూ ఆ చౌరస్తాయే కదులుతుంది. చివరి బకెట్ మోసి గ్యాస్ గన్ వరసలోకి తిరిగొచ్చాక, రోడ్డు ఇంకా తెరుచుకోకముందు, ఆ లారీ డ్రైవర్ లేచాడు.

"నీళ్లిస్తే అయిపోయిందా? తలకు పోసినంక సాంబ్రాణి పొగెయ్యొద్దా? వాళ్ల కాడ నిప్పులు యాడున్నయి?"

అంటూ గరిటెతో పొయ్యిలోని నిప్పులు తీసి ఇనప మూకుడులో వేసుకున్నాడు. ఇంటికి దారి మా వరస మధ్యలోంచే. ఈదురుగాలి కొడుతోంది. మూకుడులోంచి రవ్వలు లేస్తున్నాయి. అతను వంగి చేత్తో అడ్డం పెట్టుకుంటూ మా ముందుకొచ్చాడు. గ్యాస్ గన్ తన షీల్డు తిప్పి గాలికి అడ్డం పెట్టాడు. పక్కవాడూ పెట్టాడు. తర్వాత నేను, హవల్దారు. ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. అతని చుట్టూ మా షీల్డులు గోడలా మూసుకున్నాయి. అతను నడిస్తే ఆ గోడా నడిచింది. ఆ ప్లాస్టిక్ షీల్డుల గుండా నిప్పులు ఎర్రగా కనిపిస్తూ, రాజేశ్వరమ్మగారి మెట్ల దాకా ఆరకుండా వెళ్లాయి.