బామ్మర్ది కారుకు నాలుగు స్క్రూలు

సిద్దిపేటల మెదక్ రోడ్డు పొంటి దత్తాత్రి కార్ల రిపేరు షెడ్డున్నది. చెయ్యి మంచిది, నోరే జర లేదు. బతుకమ్మకని పెండ్లాం బాలమణి దుబ్బాకకు, తల్లిగారింటికి పోయింది. పండుగెల్లినంక మొగడే పోయి తోల్కరావాలె, గది రివాజు. ఈయనేమో ఫోన్ల, "పనున్నది, బస్సెక్కి రారాదు" అన్నడు.

"తోల్కపోను రానోనింటికి నేనే బస్సెక్కి రావాల్నా?" అని ఆమె ఫోను పెట్టేసింది.

దీపావళి గూడ ఎల్లిపాయె. పొద్దుగాల లేస్తే ఇయ్యాల పోవాలె అనుకుంటడు, పొద్దుమీకితే రేపు అనుకుంటడు. ఇల్లు సొచ్చబుద్ధి గాక షెడ్డుల్నే కూసుంటడు.

గంతల ఒకనాడు ఆమె తమ్ముడు సందీప్ కారు తెచ్చిండు. "బావా, బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతున్నది."

చక్రాలిప్పి చూస్తే ముందటి బ్రేక్ డిస్కులు రెండు ఖరాబైనయి. ఒక్కో డిస్కును పట్టుకోని రెండేసి చిన్న స్క్రూలుంటయి, గవి తుప్పు వట్టి కరుసుకున్నయి. సుత్తితోని కొడ్తే తిరిగే స్క్రూడ్రైవర్ వెట్టిండు. డిస్కు తిరగకుంట లోపట ఒకరు బ్రేక్ తొక్కి వట్టాలె. పన్నెండేండ్లసంది ఆ పని బాలమణిదే. "ఇంకెంతసేపయ్యా, కూర మాడుతది" అని గులుగుకుంటనే తొక్కేది.

"బాలమణీ, తొక్కు!" అన్నడు దత్తాత్రి, అలవాటుల.

బ్రేక్ తొక్కెతందుకు సీట్ల కూసున్న సందీప్ తల బయటవెట్టిండు. "గీడ పిలిస్తే దుబ్బాకల ఇనవడ్తదా బావా?"

దత్తాత్రి సుత్తి జోరుగ వడ్డది. మూడు ఊడినయి, నాలుగోదాని తల అరిగి నున్నగైంది, స్క్రూడ్రైవర్ ఆగుతలేదు.

"ఇడిసిపెట్టు బావా. డిస్కును చక్రం బోల్టులే పట్టుకుంటయట గద, అందరు గీ స్క్రూలు పారేస్తరట."

"పారేస్తరు. మల్ల చక్రమిప్పినప్పుడల్లా డిస్కు జారుతది, సందుల తుప్పుజేరి వంకర కూసుంటది. నేనట్ల చెయ్య."

"స్క్రూల గురించి గింత సక్కగ మాట్లాడ్తివి. మా అక్కతోని మాట్లాడెతందుకేమైతది?"

దత్తాత్రి మిషిన్ తోని ఆ తల కోసి, డిస్కు తీసినంక మిగిలిన ముక్కను పట్టకారుతోని తిప్పి గుంజిండు. కొత్త డిస్కులు కూసోవెట్టి, నాలుగు కొత్త స్క్రూలకు జరంత గ్రీజు రాసి, మెల్లగ బిగించిండు.

ట్రయల్ కొట్టంది బండి ఇయ్యడు. సందీప్‌ను పక్కన కూసోవెట్టుకోని తోలిండు. ఎప్పుడైనా ఊరు దాటినంక పెట్రోల్ బంకు కాడ వాపస్ మలుపుతడు. ఇయ్యాల బంకొచ్చింది, పోయింది.

"బావా, బ్రేక్ మంచిగనే వడ్తుంది గద. మలుపవా?"

"మీ అక్క గీ యాళ్ళకు ఏం జేస్తుంటది?"

"నన్నడుగుడేంది? పోయి ఆమెనే అడుగు."

దత్తాత్రి గేరు మార్చిండు. "తోల్కపోను వచ్చిన... తోల్కపోను వచ్చిన" అని లోపల్లోపలనే అనుకుంట దుబ్బాక తొవ్వ వట్టిండు.