చాటలో యూరోపా

గురువారం ఒక్కపొద్దు ఉండే నాకు గురుగ్రహం మీదే కోపం వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ మండల సైన్సు ప్రదర్శన కోసం పాఠం వల్లె వేస్తోంది. ఆ గ్రహం చుట్టూ తిరిగే యూరోపా అనే చందమామకు ఒళ్లంతా మంచేనట. గ్రహపు అయస్కాంత శక్తికి చిక్కిన విద్యుదావేశ కణాలు దానితో పాటే గిర్రున తిరుగుతూ, నిదానంగా నడిచే ఆ చందమామను వెనక నుంచి వచ్చి కొడతాయట. దెబ్బదెబ్బకూ మంచు రేణువులు లేస్తాయి. కొన్ని మళ్లీ దాని మీదే పడతాయి, కొన్ని తిరిగి రాకుండా పోతాయి. దానికున్న పలుచని గాలి ఆ దెబ్బల్లో పుట్టిందేనట. ఆ కాస్త గాలినీ మళ్లీ అవే ఊడ్చుకుపోతాయట.

"ఎనక నుంచి కొట్టుడేంది బిడ్డా? అడిగేటోళ్లే లేరా దానికి?" అన్నాను. బిడ్డ నవ్వింది.

తోటి పిల్లలు లైట్లు వెలిగే థర్మకోల్ బొమ్మలు కొన్నారు. మేం చాటను పేడతో అలికి, దాని మీద బియ్యప్పిండిని గుండ్రంగా ఒత్తాం. కణాల బదులు ఇసుక విసురుదామంది బిడ్డ. ఇసుక పిండిలో కలిసిపోతుంది, ఆవాలు తెమ్మన్నాను. నేను బడి ముఖం చూడలేదు. గొర్రెలు కాస్తూ బాపు ఇసుకలో దిద్దించిన అక్షరాలే నా చదువు.

ప్రదర్శన జరిగే కేతేపల్లికి బయలుదేరేముందు అలవాటు కొద్దీ పిండి నెత్తిన కుంకుమ బొట్టు పెట్టాను. నాగలికైనా కుట్టుమిషన్‌కైనా బొట్టు లేనిదే మా ఇంట్లో పని మొదలుకాదు.

మార్కులు వేసే సారు ఆ బొట్టు చూసి ఆగాడు.

"గిది పూజనా, సైన్సా? ఎవరు చేసిన్రు?"

తానూ అమ్మా కలిసి చేశామని బిడ్డ చెప్పింది. అమ్మ ఏం చదివిందని అడిగాడు. ఇంట్లోనే చదువుకున్నానని నేనే అన్నాను.

"గందుకే," అని పక్క బల్లకు పోయాడు. ఒక్క ఆవగింజ విసిరేదాకా ఆగలేదు. బండికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీసుకుని గేటులోంచి వచ్చింది ఆయనే. గెలిచినవాళ్లను జిల్లా ప్రదర్శనకు నల్లగొండ పంపుతారు. నెల రోజులుగా నా బిడ్డ ఆ ప్రయాణం గురించే మాట్లాడుతోంది.

తప్పు నాదేనని బొట్టు తుడవబోయాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యే అమ్మా."

గురిచూసి ఆ బొట్టు మీదికే ఆవాలు విసిరింది. తెల్లని పిండి మీద ఎర్రగా చెదిరింది కుంకుమ. కొంత అంచు దాటి బల్ల మీద పడింది.

"గిప్పుడు సూడుండ్రి, ఏడికేడికి పోయిందో. తెల్లదాంట్ల తెల్లదైతే కనబడకపోతుండె."

పిల్లలు మూగారు. ఆవాలు అయిపోయేదాకా మళ్లీ మళ్లీ అడిగి కొట్టించుకున్నారు. సారు మాత్రం ఇటు తిరగలేదు. నల్లగొండకు లైట్ల బొమ్మే పోయింది.

ఇంటికొచ్చి పిండిని చీమలకు పోశాం. అంత తెలివినీ అంత ధైర్యాన్నీ నా ఇంట పుట్టించినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ సారును చల్లగా చూడమని మాత్రం నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

మరుసటి ఏడు బిడ్డ ఇంకో ప్రయోగం తయారుచేసింది. బయలుదేరేముందు కుంకుమ భరిణె తనే తెచ్చి నా చేతిలో పెట్టింది.